రోమ్‌లో సాన్ కాలిస్టో కాటకోంబ్స్: వ్యాన్ టూర్ వద్దు, 118 బస్సెక్కండి

ముందు డబ్బు సంగతి. ఈ కాటకోంబ్స్ (నేల కింద తవ్విన పాత సొరంగాలు) చూడ్డానికి మా అల్లుడు ఒక కంపెనీవాళ్ల సగం పూట వ్యాన్ టూర్ బుక్ చేశాడు, మనిషికి 65 యూరోలు. వ్యాన్ నలభై నిమిషాలు లేటు. ఏసీ పని చేయలేదు. గైడు వస్తాడన్నారు గానీ డ్రైవరే గైడు. క్రైస్తవులు సైనికులకి దొరక్కుండా ఏళ్ల తరబడి ఈ సొరంగాల్లోనే కాపురాలు చేశారని దారి పొడుగునా చెప్పాడు. నేనూ తలూపాను. ఒంగోల్లో సండే స్కూలు పిల్లలకి ముప్పై ఏళ్లు నేను చెప్పిందీ అదే మరి.

వ్యాన్ మంచిపని ఒకటే చేసింది, అప్పియా రోడ్డు మీదుగా వెళ్లింది. అపొస్తలుడైన పౌలు ఖైదీగా రోముకి నడిచొచ్చిన దారి అది. బైబిల్లో అపొస్తలుల కార్యములు 28లో సహోదరులు ఆయనకి ఎదురెళ్లిన చోటు "అప్పీయా సంతపేట". చిన్నప్పుడు అది మా ఒంగోలు సంతపేట లాంటిదే అనుకునేదాన్ని. ఆ చోటు ఇంకా చాలా దూరం దక్షిణానట. దారి మాత్రం ఇదే.

లోపల అక్కడి గైడ్లే తిప్పుతారు, ఇంగ్లీషులో కూడా. మాకు ఒక పెద్దావిడ వచ్చింది. రాగానే డ్రైవరు కథనీ, నా కథనీ కలిపి తీసేసింది. ఇది శ్మశానం, దాక్కునే చోటు కాదు. ఊరి గోడల లోపల శవాల్ని పెట్టకూడదని రోమన్ల చట్టం. పునరుత్థానం మీద ఆశతో క్రైస్తవులు కాల్చకుండా పాతిపెట్టేవాళ్లు. నేల ఖరీదు ఎక్కువ, అందుకని కిందికి తవ్వుకుంటూ పోయారు. ఇక్కడి రాయి తవ్వేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుందట. అలా నాలుగు అంతస్తులు, దాదాపు 20 కిలోమీటర్ల సొరంగాలు. ఇది ప్రభుత్వానికి తెలియని చోటేమీ కాదు. వలేరియన్ చక్రవర్తి 257లో క్రైస్తవుల్ని శ్మశానాలకి వెళ్లొద్దన్నాడు. తెలియని చోటుకి వెళ్లొద్దని ఎవరంటారు? మరుసటి ఏడు ఆగస్టు 6న రోము బిషప్ సిక్స్తుని శ్మశానంలోనే పట్టుకుని చంపారు.

ఈ చోటుకి పేరొచ్చిన కాలిస్టో కథ సినిమాకి పనికొస్తుంది. బానిసగా ఉండి యజమాని డబ్బులు పోగొట్టాడట, సార్డీనియా గనులకి పంపారట. ఇదంతా ఆయనంటే గిట్టని ఆ కాలపు రచయిత హిప్పోలితు రాసింది, కాబట్టి కొంచెం ఉప్పూ కారం కలిసే ఉంటాయి. తర్వాత ఈ శ్మశానం బాధ్యత ఆయనకే ఇచ్చారు, చివరికి రోము బిషప్ అయ్యాడు. తమాషా ఏంటంటే, పేరు ఆయనదే గానీ ఆయన సమాధి ఇక్కడ లేదు, వేరే రోడ్డులో ఉంది.

రోము బిషప్పుల సమాధులున్న గది దగ్గర కాసేపు ఆపారు. అది చూడటానికైనా వెళ్లాలి. పగిలిన పాలరాతి పలకల మీద పేర్లు, అన్నీ గ్రీకు అక్షరాల్లో. రోము నడిబొడ్డున లాటిన్ ఎందుకు లేదా అని అడిగాను. ఆ రోజుల్లో ఇక్కడి సంఘం భాష గ్రీకే అంది, తూర్పు నుంచి వచ్చినవాళ్లు ఆ భాషలోనే సువార్త తెచ్చారు. పౌలు రోమీయులకు రాసిన పత్రిక కూడా గ్రీకులోనే కదా, ఇన్నేళ్లూ నాకు తట్టనే లేదు. ఫాబియాను అనే బిషప్ పలక మీద పేరు, పదవి తర్వాత ఒక చిన్న గుర్తుంది, హతసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) అని. పేరుతో పాటు చెక్కింది కాదు, తర్వాత చేర్చింది. 250లో డేసియస్ చక్రవర్తి క్రైస్తవుల్ని హింసించినప్పుడు చనిపోయాడాయన.

సొరంగాల్లో రెండు వైపులా గోడలకి అరల్లాగా సమాధులు, ఒకదాని మీద ఒకటి. వాటిల్లో మూరెడు పొడవువి కూడా ఉన్నాయి, పసిపిల్లలవి. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది, ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

ఇంకొకటి అక్కడే తెలిసింది. శ్మశానాన్ని ఇంగ్లీషులో సిమెట్రీ అంటారు కదా, ఆ మాటకి గ్రీకులో అర్థం నిద్రపోయే చోటట. మా ఇళ్లల్లో ఎవరైనా పోతే "ప్రభువునందు నిద్రించారు" అని కార్డు వేయిస్తాం. నాన్నగారి సమాధి రాయి మీదా అదే చెక్కించాం. మాట బాగుంటుందని అలా రాస్తారనుకున్నాను. ఇక్కడివాళ్లు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే ఆ పేరుతో తవ్వుకున్నారు.

వెళ్లేవాళ్లకి: ఊళ్లోంచి 118 నంబరు బస్సుంది. బుధవారం సెలవు. ఎండాకాలమైనా శాలువా పట్టుకెళ్లండి, కింద చలి. మెట్లు బాగా ఉన్నాయి, నాలాంటి మోకాళ్లవాళ్లు ఆలోచించుకోండి. ఫోటోలు తీయనివ్వరు. హతసాక్షి సెసిలియా శిల్పం అందంగా ఉంది గానీ అది నకలు, అసలుది ఊళ్లో ఆవిడ పేరున్న చర్చిలో చూడొచ్చు. లోపలి టికెట్ మేం కట్టినదాంట్లో నాలుగో వంతు కూడా లేదు.

కాటకోంబ్స్‌కి అయిదు స్టార్లు. వ్యాన్‌కి ఒక్కటి, అదీ తిరిగొచ్చేటప్పుడు నా కుంటు నడక చూసి, డ్రైవరు రాంగ్ సైడులో పోయి మరీ హోటల్ గుమ్మం దగ్గర దింపినందుకు.