తెల్లనివన్నీ ఒకే కొంగ కాదు: ఫొటోలో గుర్తుపట్టడానికి ఏది మేలు, రంగా, పరిమాణమా, నోటి గీతా?

చెరువు గట్టున, నాట్లు వేసిన మడిలో, దున్నుతున్న ట్రాక్టరు వెనక కనిపించే తెల్లటి పక్షులన్నిటికీ మన దగ్గర ఉన్నది ఒకటే మాట: కొంగ. నిజానికి వాటిలో ప్రధానంగా నాలుగు రకాలున్నాయి. పెద్ద తెల్లకొంగ, మధ్యరకం తెల్లకొంగ, చిన్న తెల్లకొంగ, గేదెల వెంట తిరిగే పశువుల కొంగ. (గట్టు మీద మట్టిరంగులో కూర్చున్న గుడ్డికొంగ లేచి ఎగిరితే రెక్కలు తెల్లగా మెరుస్తాయి కాబట్టి, ఎగురుతున్న ఫొటోల్లో దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.) కళ్లెదుట ఉన్నప్పుడు నడక, వేటాడే తీరు, పక్కనున్న పక్షులు అన్నీ సాయం చేస్తాయి. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే మిగిలేది కదలని బొమ్మ ఒక్కటే. అప్పుడు దేన్ని నమ్మి పేరు చెప్పాలి?

అందరం మొదట రంగునే పట్టుకుంటాం. చిన్న తెల్లకొంగకు నల్ల ముక్కు, నల్ల కాళ్లు, పసుపు పాదాలు. మిగతా మూడింటికీ పసుపు ముక్కు. చలికాలంలో తీసిన ఫొటోలకు ఈ లెక్క బాగానే సరిపోతుంది. గూళ్లు కట్టే కాలం వచ్చిందంటే మొత్తం తారుమారవుతుంది. పెద్ద తెల్లకొంగ ముక్కు నల్లబడుతుంది, కంటికి ముందున్న చర్మం నీలం కలిసిన ఆకుపచ్చకు తిరుగుతుంది. మధ్యరకం ముక్కూ నల్లబడుతుంది. పశువుల కొంగకు తల, మెడ, వీపు నారింజ రంగు పులుముకుంటాయి. పసుపు పాదాలు చూద్దామంటే అవి సాధారణంగా బురదలోనో నీళ్లలోనో ఉంటాయి. ఇక సాయంత్రపు ఎండ పడితే ఏ ముక్కయినా పసుపుగానే కనిపిస్తుంది.

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో తీసిన ఒక ఫొటోను రెండేళ్ల పాటు చిన్న తెల్లకొంగ అనే పేరుతోనే దాచుకున్నాను. ఒంటరి పక్షి, నల్ల ముక్కు, మోకాలి లోతు నీళ్లు. పక్కన కొలవడానికి ఇంకో పక్షి లేదు. ఒకరోజు వేరే పని మీద ఆ ఫొటో తెరిచి తల భాగాన్ని పెద్దది చేసి చూశాను. ముక్కు మొదట్లో మొదలైన సన్నటి నల్ల గీత, అంటే నోటి చీలిక, కంటి కిందుగా సాగి, కంటిని దాటి, ఇంకాస్త వెనక్కి వెళ్లి ఆగింది. మన నాలుగు కొంగల్లో పెద్ద తెల్లకొంగ ఒక్కదానికే ఆ గీత కంటిని దాటి వెళుతుంది. తక్కినవాటికి కంటి కిందే ఆగిపోతుంది. మళ్లీ చూస్తే మిగతా గుర్తులూ దొరికాయి. చిన్న తెల్లకొంగకు గూళ్లు కట్టే కాలంలో తల వెనక జడలా వేలాడే రెండు పొడవాటి ఈకలు ఉండాలి. అవి లేవు. వీపు మీద మాత్రం దారాల్లాంటి ఈకలు తోక దాటి వేలాడుతున్నాయి. మెడ మధ్యలో విరిగినట్టు మడత పడి ఉంది. ఇవన్నీ ఫొటోలో మొదటి రోజు నుంచీ ఉన్నవే. నల్ల ముక్కు చూసి నేను అక్కడితో ఆగిపోయాను.

పరిమాణం సంగతికి వస్తే, పుస్తకాల్లో అంకెలు స్పష్టంగానే ఉంటాయి. పెద్ద తెల్లకొంగ దాదాపు మీటరు, మధ్యరకం, చిన్నది రెండూ 60 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ, పశువుల కొంగ 50 దగ్గర. ఫొటోలో మాత్రం కొలబద్ద ఉండదు. దూరపు లెన్సుతో తీస్తే ఇంకో చిక్కు: ఒకే పరిమాణం ఉన్న రెండు పక్షుల్లో వెనక నిలబడినదే పెద్దదిగా తోస్తుంది. రెండూ ఒకే వరుసలో, ఒకే దూరంలో నిలబడితే తప్ప పరిమాణాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదని నా అభిప్రాయం.

నోటి గీత బలమంతా అది మారకపోవడంలోనే ఉంది. కాలంతో మారదు, వెలుతురుతో మారదు. అయితే పక్షి పక్కకు తిరిగి ఉండాలి, కన్ను స్పష్టంగా పడాలి. అదీగాక, అది పెద్ద కొంగను వేరు చేస్తుందే గానీ మిగతా మూడింటినీ విడదీయదు. అక్కడ ముక్కు, తల ఆకారం చూడాలి. పశువుల కొంగ ముక్కు పొట్టిగా, దిట్టంగా ఉంటుంది. ముక్కు కిందికి ఈకలు చొచ్చుకొచ్చి గడ్డం ఉబ్బినట్టు కనిపిస్తుంది. మధ్యరకానికి తల గుండ్రం, ముక్కు కాస్త పొట్టి. చిన్న తెల్లకొంగ ముక్కు పొడవుగా, బాకులా సన్నగా ఉంటుంది. రంగు అడ్డుపడకుండా చూడాలంటే ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి ఒకసారి చూడండి. ఆకారం ఇట్టే తేలుతుంది.

ఇదే గీత గద్దజాతి పెద్ద పక్షుల దగ్గరా అక్కరకొస్తుంది. ఇండియన్ స్పాటెడ్ ఈగిల్‌కు నోటి గీత కంటి వెనక అంచు దాకా వెళుతుంది, గ్రేటర్ స్పాటెడ్ ఈగిల్‌కు కంటి మధ్య దగ్గరే ఆగుతుంది. వీటి ఈకల రంగులు పిల్ల వయసు నుంచి పెద్దయ్యేదాకా ఏళ్ల తరబడి మారుతూనే ఉంటాయి కాబట్టి, రంగును నమ్ముకుంటే అడుగడుగునా తికమకే.

ఫొటో చూసి పక్షి పేరు చెప్పే యాప్‌ను అడగవచ్చు కదా అంటారు. అడగాలి, నేనూ అడుగుతాను. ఇది ఫలానా నాలుగింట్లో ఒకటి అని వెతుకులాటను తగ్గించడంలో యాప్ ఎంతో మేలు. కానీ ఏ గుర్తును బట్టి ఆ పేరు చెప్పిందో సాధారణంగా చెప్పదు. కాబట్టి అది ఇచ్చిన పేరును చివరి మాటగా కాక మొదటి మాటగా తీసుకుని, ఆ తర్వాత తల భాగాన్ని పెద్దది చేసి చూడటం మంచిది. అందుకు ఒక్క అందమైన ఫొటో కన్నా నాలుగు వైపుల నుంచి తీసిన పది మామూలు ఫొటోలు నయం. పక్కకు తిరిగిన ఒక్క క్షణం వాటిలో ఎక్కడో ఉంటుంది.

కొన్నిచోట్ల ఫొటో ఎంత బాగున్నా చాలదు. మన మెట్ట పొలాల్లో, రాళ్ల గుట్టల్లో తిరిగే బుష్‌లార్క్ పిట్టలు రెండు రకాలు: ఇండియన్ బుష్‌లార్క్, జెర్డన్స్ బుష్‌లార్క్. ఈ రెండో పేరులోని జెర్డన్ 19వ శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన పక్షి శాస్త్రవేత్త. రెండూ మట్టిరంగే, రెండింటికీ రెక్కలో ఇటుక రంగు ఉంటుంది. తేడాలు ఉన్నా చాలా సన్నవి. అదే పాట వినబడిందా, పని సులువవుతుంది. ఇండియన్ బుష్‌లార్క్ సాధారణంగా గాలిలోకి లేచి పాడుతూ మెల్లగా దిగుతుంది. జెర్డన్స్ ఎక్కువగా తీగ మీదో పొద మీదో కూర్చుని ఎండుగింజలు కదిపినట్టు పొడిగా పాడుతుంది. ఇక్కడ కెమెరా కన్నా ఫోనులోని రికార్డరే మేలు.

రాయి మీద నిశ్శబ్దంగా కూర్చున్న అలాంటి పిట్ట ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు, అంత స్పష్టంగా వచ్చింది. దాని కింద ‘బుష్‌లార్క్’ అని మాత్రమే రాసి పెట్టాను. వానలు మొదలయ్యాక అదే గుట్టకు మళ్లీ వెళతాను, ఈసారి పాట కోసం.