‘ఎమోజీ లాక్’ అంటూ షాపులకు వస్తున్నాడు, కొనకండి

అనంతపురంలో షాపులున్న వాళ్లు ఇది తప్పకుండా చదవండి. సుభాష్ రోడ్డు, టవర్ క్లాక్ వైపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతూ తిరిగే మనిషి మీలో చాలామందికి తెలుసు. అప్పుల ఖాతా మొత్తం ఎమోజీల్లోకి మార్చేస్తానని, కంప్యూటర్ దొంగ చేతికి దొరికినా ఒక్క అక్షరం చదవలేడని చెప్పి మా విత్తనాల షాపులో 18 వేలు తీసుకున్నాడు. రైతుల పేర్లు, ఆధార్ నంబర్లు, బాకీలు అన్నీ అందులోకే ఎక్కించాడు.

నిన్న ఇంజనీరింగ్ చదివే మా అక్క కొడుకు షాపుకు వచ్చాడు. ఆ బొమ్మల్లో ఒక వరుస కాపీ చేసి తన ఫోన్లో, బొమ్మలను మళ్లీ అక్షరాలుగా మార్చే ప్రోగ్రాంలో పేస్ట్ చేశాడు. పాస్‌వర్డ్ ఏమీ అడగలేదు. వెంటనే ఒక రైతు పేరు, ఆధార్ నంబరు, వేరుశనగ విత్తనాల బాకీ తెలుగులో వచ్చేశాయి!

అతను వాడింది ఎకోజీ అనే ఉచిత లైబ్రరీ అట, అంటే ఎవరైనా తమ సాఫ్ట్‌వేర్‌లో వాడుకోగలిగే రెడీమేడ్ కోడ్. 1024 ఎమోజీలు పెట్టుకుని, ఒక్కో ఎమోజీలో 10 బిట్లు, అంటే పది 0, 1 అంకెలు, పెడుతుంది. సరదాకి చేసిన మంచి పని, దాని తప్పేమీ లేదు. అది రూపం మారుస్తుంది అంతే, తాళం వేయదు. ఎవరైనా వెనక్కి తిప్పుకోవచ్చు.

ఫోన్ చేసి అడిగితే అతనన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "విత్తనాలు అమ్ముకునేవాళ్లకు ఇవన్నీ ఎందుకు సార్? మీ రైతులకు ఎమోజీ అంటేనే తెలియదు, ఎవడు చదువుతాడు?" అన్నాడు. పక్కన ఎవరో నవ్వడం వినపడింది. నన్ను ఏమన్నా పడతాను. నా మీద నమ్మకంతో ఆధార్ కార్డు చేతిలో పెట్టిన రైతులను అంత చులకన చేస్తాడా? డబ్బులు వెనక్కి ఇవ్వమంటే ఫోన్ పెట్టేశాడు, ఇప్పుడు నంబరు బ్లాక్ చేశాడు.

ఇంకో నష్టం కూడా ఉంది. కంప్యూటర్లో దాచడానికి చాలా ఎమోజీలకు ఒక్కోదానికి 4 బైట్ల జాగా కావాలి. ఖాతాలు దాచే మా పాత మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఒక అక్షరానికి 3 బైట్లే తీసుకునే రకం. దాంతో కొన్ని ఖాతాల్లో బొమ్మలు పోయి వట్టి ప్రశ్నార్థకాలు మిగిలాయి. అవి ఇక తిరిగి రావు. కాగితం పుస్తకం ఉంది కాబట్టి బాకీలు మళ్లీ రాసుకుంటున్నాం.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. ఇప్పటికే కొన్నవాళ్లు ముందు మీ పాత డేటా బ్యాకప్ తీసి పక్కన పెట్టండి. కొనబోయేవాళ్లు పాస్‌వర్డ్ లేకుండా తెరిచి చూపించమని అడగండి. తెరుచుకుంటే బయటికి పంపేయండి.