పెంటికలు చూసి నట్టల మందిచ్చే దుకాణం: చిత్తూరు

చిత్తూరులో పశువుల మందుల దుకాణాలకు కొదవ లేదు. నట్టల (కడుపులో పురుగుల) మందు కావాలని అడిగితే చాలా చోట్ల జీవాలెన్ని, ఏ వయసువి అని కూడా అడగకుండానే లీటరు సీసా బల్ల మీద పెడతారు. నేను రాస్తున్నది ఆ పద్ధతికి ఒప్పుకోని ఒక చిన్న దుకాణం గురించి. పదవీ విరమణ చేసిన పశువైద్యుడొకరు దీన్ని నడుపుతున్నారు. ఇక్కడ ముందు గొర్రెల పెంటికలు పరీక్షిస్తారు, గుడ్ల లెక్కను బట్టి మందిస్తారు, మందు తాగించాక మళ్ళీ పెంటికలు తెమ్మంటారు. పేరు రాయవద్దని ఆయనే కోరారు. సంతకు వచ్చే కాపరుల్లో ఎవరిని అడిగినా ‘పెంటికల డాక్టరు’ అంటూ దారి చూపిస్తారు. బంగారుపాళ్యం వైపు మామిడి తోటల్లో గొర్రెలు మేపుకునే మా కుటుంబం కొంతకాలంగా ఈ సేవను వాడుకుంటోంది.

ఈ సేవ అవసరం ఎందుకు వచ్చిందంటే, తాగించిన మందుకు నట్టలు చావడం మానేశాయి. ఈశాన్య రుతుపవనాల వానలు పడిన తరువాత, తడి గడ్డి మీదికి పాకిన పిల్ల పురుగులను గొర్రెలు మేతతోపాటు మింగుతాయి. వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది హీమాంకస్. ఇది నాలుగో పొట్టలో చేరి రక్తం తాగుతుంది. ఒక్కో ఆడ పురుగు రోజుకు 5,000 నుంచి 10,000 వరకు గుడ్లు పెడుతుంది. గొర్రె దవడ కింద నీరు దిగి, కంటి రెప్ప లోపలి భాగం పాలిపోతుంది. ఇంత వేగంగా సంతానం పెరిగే జీవిలో మందును తట్టుకోగల కొన్ని పురుగులు ఎప్పుడూ ఉంటాయి. ప్రతిసారీ మంద మొత్తానికి ఒకే మందు తాగిస్తే తక్కినవి చచ్చి అవి మాత్రమే మిగులుతాయి, తరువాతి తరమంతా వాటి సంతానమే అవుతుంది. ఇది కొత్త సంగతి కాదు. థయాబెండజోల్ అనే నట్టల మందు 1961లో మార్కెట్లోకి వస్తే, దానికి లొంగని హీమాంకస్ గురించి 1964లోనే అమెరికా నుంచి నివేదిక వెలువడింది.

పరీక్ష జరిగే తీరు దగ్గర నిలబడి చూడదగ్గది. 2 గ్రాముల పెంటికలను 28 మిల్లీలీటర్ల చిక్కటి ఉప్పునీటిలో నలిపి, వడగట్టి, గీతలు గీసిన రెండు గదుల గాజు పలకలోకి ఫిల్లర్‌తో ఎక్కిస్తారు. కొద్ది నిమిషాలు కదపకుండా ఉంచితే నట్టల గుడ్లు పైకి తేలి గాజుకు ఆనుకుంటాయి. సూక్ష్మదర్శిని కింద రెండు గదుల్లోనూ గీతల మధ్య కనబడిన గుడ్లను లెక్కించి 50తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో తెలుస్తుంది. వైద్యుడు గారు కాపరిని కూడా కుర్చీలో కూర్చోబెట్టి, ‘ఒకసారి నువ్వే చూడప్పా’ అంటారు. కోడిగుడ్డు ఆకారంలో, లోపల ముద్దలు ముద్దలుగా ఉన్న వాటిని తన కళ్ళతో చూసిన మనిషికి ఆ తరువాత ఉపన్యాసం అక్కరలేదు.

ఈ సేవకు అసలు విలువ తెచ్చేది రెండో పరీక్ష. మందు తాగించిన 10 నుంచి 14 రోజులకు అవే గొర్రెల పెంటికలు మళ్ళీ లెక్కిస్తారు. గ్రాముకు సగటున 1,000 గుడ్లున్న మందలో 50కి మించి మిగిలాయంటే, అంటే తగ్గుదల 95 శాతానికి చేరలేదంటే, ఆ మందుకు నట్టలు అలవాటు పడ్డాయని అనుమానించాలి. మా మందలో ఆల్బెండజోల్ ఇచ్చిన తరువాత గుడ్లు సగం కూడా తగ్గలేదు. అంతకుముందు వేరే చోట ఇదే ఫిర్యాదు చేస్తే, ‘కంపెనీ మార్చి చూడండి’ అని ఫెన్‌బెండజోల్ అంటగట్టారు. ఈ రెండూ ఒకే వర్గం మందులు, పురుగు కణంలో ట్యూబులిన్ అనే ఒకే ప్రోటీన్ మీద పనిచేస్తాయి. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో మార్పు వచ్చిన పురుగుకు సీసా మీద ఏ పేరున్నా ఒకటే. ఇక్కడ మాత్రం లెవామిసోల్, క్లోసాంటెల్ వంటి వేరే వర్గాల మందుల గురించి చెబుతూ, మోతాదు మించితే మొదటిది విషమవుతుందని, రెండోది చూపు పోగొట్టగలదని ముందే హెచ్చరించి, బరువు అడిగిన తరువాతే ఇచ్చారు. గొర్రెలకిచ్చే ఆల్బెండజోల్ మోతాదు మేకలకు చాలదని, వాటి శరీరం ఆ మందును త్వరగా వదిలించుకుంటుందని కూడా ఇక్కడే మొదటిసారి విన్నాం.

మా కాపరికి మింగుడుపడని సలహా ఒకటుంది: మంద మొత్తానికి మందు తాగించవద్దు. దక్షిణాఫ్రికా పరిశోధకులు రూపొందించిన ఫమాచా పద్ధతి ప్రకారం కంటి రెప్ప లోపలి రంగును ఐదు స్థాయిల పటంతో పోల్చి, ఎర్రగా ఉన్న 1, 2 స్థాయిల జీవాలను వదిలేసి, పాలిపోయిన 4, 5 స్థాయిల వాటికి తప్పక మందిచ్చి, మూడో స్థాయి విషయంలో జీవం పరిస్థితిని బట్టి నిర్ణయించుకోవాలి. మందు తగలని గొర్రెల్లోనూ పచ్చికలోనూ మిగిలిన పురుగులు చాలావరకు మందుకు లొంగే రకమే కాబట్టి, అవి మొండి పురుగులతో కలిసి సంతానాన్ని పలచబరుస్తాయి. ‘పురుగును పెంచమంటున్నారా సార్?’ అన్న కాపరి ప్రశ్నకు వైద్యుడు గారు విసుక్కోకుండా, ‘మందుకు చచ్చే పురుగును కొంచెం మిగుల్చుకోమంటున్నా’ అన్నారు. నాకు ఈ దుకాణం నచ్చడానికి మందుల నిల్వ కంటే ఈ ఓపికే ఎక్కువ కారణం. పైగా తక్కువ మందు కొనమని చెప్పే వ్యాపారి అరుదు కదా.

లోపాలు లేకపోలేదు. గుడ్ల లెక్క ఎంతో చెబుతారు గాని అవి ఏ నట్టవో చెప్పలేరు, ఎందుకంటే ఈ కోవకు చెందిన నట్టల గుడ్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. పెంటికలను పొదిగి పిల్ల పురుగులను గుర్తించే సౌకర్యం ఇక్కడ లేదు. కాలేయపు జలగల గుడ్లు బరువుగా ఉండి ఈ ఉప్పునీటిలో సరిగా తేలవు, వాటికి అడుగున పేరుకునే మడ్డిని చూసే వేరే పరీక్ష కావాలి. చెరువు గట్ల మీద మేసే మందలకు ఇది పెద్ద లోటే, జలగల వల్ల కూడా కన్ను పాలిపోతుంది కనుక పటం ఒక్కదాన్నే నమ్మితే పొరపాటు పడవచ్చు. నివేదిక ఇంగ్లీషులో ఇవ్వడం మరీ అనవసరం, చదవాల్సినవాళ్ళు కాపరులే కదా. గొర్రెను తూచే కాటా కూడా ఏర్పాటు చేస్తే, కంటి అంచనాతో తక్కువ మోతాదు పోసే అలవాటు కొంతైనా తగ్గుతుంది.

పరీక్ష రుసుము లీటరు నట్టల మందు ధర కంటే తక్కువ, రెండో పరీక్షకు అందులో సగమే తీసుకుంటారు. పెంటికలను నేల మీద ఏరకుండా చేతికి తొడుగు వేసుకుని నేరుగా గొర్రె నుంచి తీసి, ఏ గొర్రెవి ఆ సంచిలో వేసి, గుర్తు రాసి, మంచుగడ్డల డబ్బాలో తీసుకెళ్ళాలి. వేడికి గుడ్లు పొదిగి పిల్లలైపోతే లెక్క తప్పుతుంది. మధ్యాహ్నం తరువాత ఇచ్చిన నమూనాలను మరుసటి రోజుకు వాయిదా వేస్తారు, ఆదివారం దుకాణం తెరవరు.