కొత్త ఫోన్ సెటప్: చాట్లకి నాలుగున్నర మార్కులు, డిఫాల్టులకి ఒకటి

విశాఖలో ద్వారకానగర్, డాబాగార్డెన్స్ మొబైల్ షాపుల్లో కొత్త ఫోన్ కొంటే సెటప్ కూడా కౌంటర్ దగ్గరే చేసిస్తారు. పాత ఫోన్‌లోని కాంటాక్టులు, వాట్సాప్ చాట్లు దించడం, బుడగ రాకుండా గ్లాసు అతికించడం... ఇందులో కుర్రాళ్ల చెయ్యి తిరిగింది, వంక పెట్టలేం.

వంకంతా డిఫాల్టుల దగ్గరే, అంటే మనం మార్చకపోతే ఫోన్ తనంతట తాను వాడే సెర్చ్ ఇంజన్, బ్రౌజర్ లాంటివాటి దగ్గర. ‘నెక్స్ట్, నెక్స్ట్’ అని టకటకా నొక్కేస్తారు. సెర్చ్ ఇంజన్ ఏది కావాలని ఫోన్ అడిగినా, కొన్నవాళ్లకి ఆ తెర కనపడనే కనపడదు. ఆ తెర ఊరికే రాలేదు మరి. 2022 అక్టోబరులో మార్కెట్లో పోటీ సవ్యంగా ఉందా అని చూసే మన కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ కేసులో గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేశాక వచ్చింది. డిఫాల్ట్ స్థానాల కోసం 2021లో గూగుల్ చెల్లించింది 2,630 కోట్ల డాలర్లని అమెరికా కోర్టులో బయటపడింది. జనం మార్చరన్న ధీమాకి కట్టిన ధర!

బిల్లు కొట్టేలోపు ఇది చేయించుకోండి: క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సెర్చ్ ఇంజన్. బ్రౌజరే మార్చాలంటే ఫోన్ సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్. ఇంత చేసినా హోమ్ స్క్రీన్ మీది గూగుల్ పట్టీ మారదు. అది విడి విడ్జెట్, నొక్కిపట్టి తీసేయాలి. కొన్ని మోడళ్లలో లాంచర్‌కే (హోమ్ స్క్రీన్‌ని నడిపే యాప్‌కే) అతుక్కుని ఉంటుంది, కదలదు. అప్పుడు లాంచరే మార్చాలి. ముందే వేసి వచ్చిన క్రోమ్ మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ కాదు, డిసేబుల్ చేయడమే.

డేటా మార్పిడికి అయిదుకి నాలుగున్నర. డిఫాల్టులకి ఒకటి, అదీ అడిగితే కాదనరు కాబట్టి.