యోయో అని రాసినవన్నీ యోయోలు కావు

విజయవాడ మొగల్రాజపురంలో మెయిన్ రోడ్డు వదిలి సందులోకి తిరిగితే కనిపించే అక్వేరియం షాపు గురించి ఈ నాలుగు మాటలు. లోచ్ చేపలు (ట్యాంకు అడుగున తిరిగే మీసాల చేపలు) కావాలనుకునేవాళ్లకి నేనైతే 5కి 4 ఇస్తాను. ఆ తగ్గిన ఒక్కటీ ట్యాంకుల మీద అంటించే తప్పు పేర్ల చీటీలకే. అలాంటి చీటీలు ఊళ్లో చాలా షాపుల్లో కనిపిస్తాయి కాబట్టి, పేరు రాసి వీళ్లనొక్కళ్లనే నిలబెట్టడం ఇష్టం లేదు.

మధ్య వరసలో ఒక ట్యాంకు మీద "యోయో లోచ్, ఒక్కోటి 150" అని ఉంది. లోపల వేలెడంత పిల్లలు. పైపైన చూస్తే అన్నీ ఒకటే: వెండి ఒళ్లు, నల్ల పట్టీలు, మూతి దగ్గర మీసాలు. కాసేపు అక్కడే నిలబడితే రెండు రకాలు కలిసిపోయాయని తెలుస్తుంది. ఎక్కువవాటికి పట్టీ కొస చీలి ఇంగ్లీషు 'వై' ఆకారంలో ఉంది, రెండు వైల మధ్యన గుండ్రంగా ఇంకో గుర్తు. ఇది బోటియా ఆల్మోరే, అసలు యోయో. కొన్నింటికి మాత్రం పట్టీ నడుమ తెల్లబడి, ఒక్కటే రెండు సన్న గీతలుగా విడిపోవడం మొదలైంది. మూతి కూడా కాస్త పొడుగ్గా ఉంది. అవి బోటియా రోస్ట్రాటా.

"అన్నీ కలకత్తా నుంచి ఒకే ప్యాకెట్లో వచ్చాయక్కా, తేడా ఏముంటది?" అన్నాడు కుర్రాడు. అబద్ధమేమీ కాదు. ఇవి ఎక్కువగా ఉత్తరాదిలో, ఈశాన్యంలో నదుల్లో పట్టి పంపేవే. ఈ సైజులో పట్టినవాళ్లకి కూడా అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

మరి 4 ఎందుకిచ్చానంటే, కౌంటర్ పక్కన ఉన్న పెద్ద ట్యాంకు కోసం. అందులో చేపలు అమ్మకానికి కావు. ఓనరు ఏళ్ల తరబడి పెంచుకుంటున్న పెద్ద లోచ్‌లు. "పెద్దయ్యాక ఇట్టా అవుతాయి, చూసుకుని తీసుకోండక్కా" అని ఆయనే లైటు వేసి చూపించారు. ఎదిగిన ఆల్మోరే ఒంటి మీద వైలు ఇక చదవలేం. కొమ్మలన్నీ ఒకదానికొకటి కలిసి, పొట్ట దాకా వల అల్లినట్టు ఉంటుంది. దాని పక్కనే చెక్క కింద ఒక పెద్ద రోస్ట్రాటా ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉంది (కంగారు పడకండి, లోచ్‌లు అలాగే పడుకుంటాయి, చచ్చిపోయిందనుకుని తీసి పారేసినవాళ్లున్నారు). దాని గీతలు జంటలు జంటలుగా నిలువుగా ఉన్నాయి, జంట మధ్యలో ఖాళీ స్పష్టంగా కనిపిస్తోంది. ఈ రెండింటినీ పక్కపక్కన ఒక్కసారి చూశాక పిల్లల్ని ఏరుకోవడం చాలా సులువు. ఏ ఫోటో చూసినా ఇంత తెలియదు.

మయన్మార్ నుంచి వచ్చే బోటియా కుబోటాయ్ కూడా ఉంది, ధర బాగా ఎక్కువ. పిల్లప్పుడు నల్లని వెడల్పు పట్టీల మధ్య పెద్ద పెద్ద పసుపు మచ్చలుంటాయి, పెరిగేకొద్దీ ఆ మచ్చలు ముక్కలై చిన్నవవుతాయి. దీని మీద చీటీలో మాత్రం ఇంకా "ఏంజెలికస్" అనే! 2004లో చేపల శాస్త్రవేత్త కొటెలా దీనికి శాస్త్రీయ నామం పెట్టకముందు వ్యాపారులు వాడుకున్న పేరది. ఇరవై ఏళ్లు దాటింది, చీటీ మార్చండి సార్.

జీబ్రా లోచ్ చీటీ ఒక్కటే సరిగ్గా ఉంది. అసలు దాన్ని పొరబడటం కష్టం: ఒళ్లంతా సన్నటి ఏటవాలు చారలే. బోటియా స్ట్రయాటా మన కృష్ణ నీళ్ల చేపే, అయితే ఇక్కడిది కాదు, పైన పడమటి కనుమల వాగులది. 1920లో జంతుశాస్త్రవేత్త నారాయణరావు గారు దీన్ని శాస్త్రీయంగా మొదట వర్ణించింది షిమోగా దగ్గర తుంగలో దొరికిన చేపలతో. ఇప్పుడిది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. దీన్ని మాత్రం నేను కొనలేదు.

చేపని పట్టడంలో కుర్రాడికి ఫుల్ మార్కులు. ఈ లోచ్‌లకి కంటి కింద ఒక ముల్లుంటుంది, బెదిరితే టక్కున లేస్తుంది. ఒకదాని ముల్లు వలలో చిక్కుకుంటే లాగకుండా, వలతో సహా మగ్గులో ముంచి అది దానంతట అదే విడిపించుకునే దాకా ఆగాడు. కవర్ మీద కవర్ వేసి కట్టాడు, లేకపోతే ఆ ముల్లుకి కవరు చిల్లి పడుతుంది. అమ్మే ట్యాంకుల్లో మాత్రం దాక్కోవడానికి ఒక్క పైపు ముక్కైనా లేదు, అది బాగాలేదు.

కొత్త సరుకు గురువారం వస్తుందట. ఆ రోజు వెళ్లి ఏరుకోకండి. ప్రయాణపు టెన్షన్‌కి లోచ్‌ల రంగు వెలిసిపోయి, పట్టీలు బూడిద రంగులో కలిసిపోతాయి, ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. సోమవారం దాకా ఆగితే గుర్తులు తేటపడతాయి, వైట్ స్పాట్ (ఒంటి మీద తెల్ల చుక్కలొచ్చే జబ్బు) తగులుకుని ఉంటే అదీ ఈలోపు బయటపడొచ్చు. అయిదారు కలిపి తీసుకోండి, ఒంటరిగా ఉంచితే బిక్కుబిక్కుమంటూ మూలకి చేరతాయి. బేరం ఆడితే 150 కాస్తా 130 అవుతుంది.