పొడవాటి ఇంగ్లిషు మాటలను విడగొట్టి చదివించడం: కొన్నేళ్ల వాడకం తర్వాత

నల్లగొండ దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లిషు చెబుతూ, పొడవాటి మాటలను విడగొట్టి చదివించే పద్ధతిని కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఇందులో నిజానికి రెండు పనులు ఉన్నాయి: పలికే తీరును బట్టి సిలబుల్స్‌గా, అంటే ఒక్కో ఊపులో పలికే ముక్కలుగా విడగొట్టడం ఒకటి, అర్థాన్ని బట్టి ఉపసర్గ (మాటకు ముందు చేరేది), మూలపదం, ప్రత్యయంగా (చివర చేరేది) విడదీయడం మరొకటి. పద్యానికి గణవిభజన చేసేటప్పుడు మాట మధ్యలో గీత పడినా పట్టించుకోము గానీ, సంధి విడదీసేటప్పుడు అర్థం చెడకుండా చూసుకుంటాము. ఇక్కడా అంతే. 'హెలికాప్టర్' నోటికి హె-లి-కాప్-టర్ అని నాలుగు ముక్కలైతే, గ్రీకు మూలాలను బట్టి సుడి, రెక్క అనే రెండే ముక్కలు. ఈ రెండు పనులనూ ఒకే పీరియడ్‌లో కలిపి చెబితే పిల్లలు తికమక పడతారు.

మా జిల్లావారికి బాగా తెలిసిన విషయమే తీసుకుంటాను. ఫ్లోరైడ్ నీటిని పటికతో, సున్నంతో శుద్ధి చేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించగా, దానికి నల్లగొండ పేరే స్థిరపడింది. ఆ పనిని ఇంగ్లిషులో 'డీఫ్లోరిడేషన్' (defluoridation) అంటారు, 14 అక్షరాలు. దీన్ని చివరి నుంచి విప్పాలన్నది నా అనుభవం: 'ఏషన్' అన్న తోక ఏదో ఒక పనిని సూచిస్తుంది, ముందున్న 'డీ' తొలగింపును చెబుతుంది, మధ్యలో మిగిలేది పిల్లలు ఇంట్లో రోజూ వినే ఫ్లోరైడే. అర్థం తేలాక పలకడానికి డీ-ఫ్లో-రి-డే-షన్ అని విరుస్తాము. ఫ్లోరైడ్‌లోని 'రై' ఇక్కడ 'రి'గా మారుతుంది, ఊనిక (స్ట్రెస్) 'షన్'కు ముందున్న 'డే' మీద పడుతుంది. 'షన్'తో ముగిసే మాటలన్నింటికీ దాదాపు ఇదే సూత్రం కాబట్టి, ఈ ఒక్క తోకను నేర్పడానికి పెట్టిన సమయం వృథా కాదు.

లోపాలూ ఉన్నాయి. రుచి మరిగిన పిల్లలు ఉపసర్గే లేని 'అంకుల్'లో 'అన్'ను, 'రెడీ'లో 'రీ'ని వెతుకుతారు. గడ్డం కింద చెయ్యి పెట్టి, అది ఎన్నిసార్లు కిందికి దిగితే అన్ని సిలబుల్స్ అని లెక్కించే చిట్కా మనవాళ్లకు సగమే పనిచేస్తుంది, ఎందుకంటే 'స్కూల్' ఒక్కటే సిలబుల్ అయినా 'ఇస్కూలు' అనే నోటికి చెయ్యి మూడే చూపిస్తుంది. కొన్ని అమెరికన్ నిఘంటువుల్లో మాట మధ్య పెట్టే చుక్కలను కూడా గుడ్డిగా నమ్మకూడదు. అవి వరుస చివర మాటను ఎక్కడ విరవవచ్చో చెప్పేవి. వరుస చివర ఒక్క అక్షరాన్ని ఒంటరిగా వదలరు, అందుకే రెండు సిలబుల్స్ ఉన్న 'అబౌట్'కు అక్కడ చుక్కే ఉండదు.

ఆరో తరగతికి సిలబుల్స్ చాలు. ఎనిమిదికి వచ్చేసరికి సైన్సు పాఠాల కోసం పదభాగాలు తప్పనిసరి అవుతాయి, పైగా ద్విభాషా పుస్తకం చేతిలో ఉంటే పిల్లలు ముందు అర్థాన్ని ఊహించి, ఆ తర్వాత తెలుగు పేజీలో సరిచూసుకోగలరు. కొత్తగా మొదలుపెట్టేవారు 'షన్', 'మెంట్', 'నెస్', 'ఎబుల్' అనే నాలుగు తోకలతో ఒక టర్మ్ గడిపి, ఉపసర్గలను ఆ తర్వాత తీసుకోవడం మేలు.