నికాన్ ఎఫ్‌ఎం2: విశాఖ సముద్రపు గాలిలో పాత ఫిల్ము కెమెరా

నికాన్ 1982లో విడుదల చేసిన ఎఫ్‌ఎం2 కెమెరాను ఇప్పుడు సెకండ్ హ్యాండులో కొనదలచినవారికి, దానిని విశాఖపట్నంలో ఏళ్ల తరబడి వాడుతున్న వ్యక్తిగా నా అభిప్రాయం ఇది: కెమెరా గురించి బెంగ అక్కర్లేదు, లెన్సు గురించే బెంగ పెట్టుకోవాలి.

చిన్నతనంలో నాకు దొరికిన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో 120 సైజు ఫిల్ము రోలుకు 12 ఫొటోలే వచ్చేవి కాబట్టి, ఆలోచించిన తరువాతే మీట నొక్కడం అప్పుడే అలవాటయింది. ఆ తరువాత చేతికి ఎన్ని కెమెరాలు వచ్చినా ఆ అలవాటుకు సరిగ్గా సరిపోయినది ఎఫ్‌ఎం2 ఒక్కటే.

దీని షట్టరు, అంటే ఫిల్ము మీదికి వెలుతురును క్షణకాలం వదిలే తెర, పూర్తిగా యాంత్రికమైనది. లోపల వేసే రెండు బటన్ సెల్స్ వెలుతురును కొలిచే లైట్ మీటరు కోసమే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత కరెంటు లేని రోజులలో నా డిజిటల్ కెమెరా బ్యాటరీలు అయిపోగా, బీచ్ రోడ్డులో కూలిన చెట్లను దీనితోనే తీశాను. షట్టరుకు సెకనులో 4000వ వంతు వేగం ఉండడం వల్ల, ఐఎస్ఓ 100 ఫిల్ముతో (ఐఎస్ఓ అంటే వెలుతురుకు ఫిల్ము ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) మిట్టమధ్యాహ్నపు ఎండలో సైతం ఎఫ్/2.8 వద్ద, అంటే లెన్సులోని అపర్చరు అనే రంధ్రాన్ని బాగా తెరిచి వెనుక దృశ్యం మసకబారేలా, ఫొటో తీయవచ్చు. తెల్లని ఇసుక మీద మనిషిని వెనుక దృశ్యం నుంచి విడదీసి చూపాలనుకునేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

మీటరును మాత్రం గుడ్డిగా నమ్మరాదు. ఫిషింగ్ హార్బరులో సూర్యోదయ వేళ అది మెరిసే నీటిని చూసి మోసపోతుంది, బెస్తవారి ముఖాలు నల్లబడిపోతాయి. అరచేతి మీద పడిన వెలుతురును కొలిచి, అపర్చరును ఒక స్టాపు ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురు వచ్చేలా, తెరిస్తే సరిపోతుంది. ఫిల్మును ముందుకు తిప్పే లివరును కొంచెం బయటికి లాగితేనే మీటరు పనిచేస్తుంది కనుక, ఎడమ కంటితో చూసేవారికి అది నుదుటికి గుచ్చుకుంటుంది. డిజైనరు కుడికన్ను మనిషి కాబోలు.

ఇక్కడి తేమకు లెన్సులలో ఫంగస్ పట్టడం మామూలే. అపర్చరును పూర్తిగా తెరిచి, వెనుక నుంచి టార్చి వేసి చూస్తే సాలెగూడు వంటి దారాలు కనబడతాయి. అవి ఉన్న లెన్సును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. మంచి లెన్సునైనా సిలికా జెల్ వేసిన బిగుతైన డబ్బాలోనే ఉంచాలి.

ఫిల్ము, కడిగింపు, స్కానింగ్ ఖర్చులను తలచుకుంటే పెళ్లిళ్లు తీసేవారికి దీనిని సిఫారసు చేయను. తీరికగా తీసుకునేవారు కొనే ముందు వెనుక తలుపు అంచున ఉండే నల్లని ఫోమును వేలితో తాకి చూడాలి. అది జిగురుగా అంటుకుంటే ధర తగ్గించమని అడగాలి; దానిని మార్చకుండా రోలు వేస్తే వెలుతురు లోపలికి చొరబడి ఫొటోలు పాడవుతాయి.